సముద్రం వైపు గోడ

మా ఇంటికి సముద్రం వైపున్న గోడ మీది పాత పలకలు ఊడదీసి పదకొండు రోజులు గడిచాయి. కొత్తవి కొట్టేందుకు ఊళ్ళో నిచ్చెన దొరకడం లేదు.

గానెట్ కోవ్‌లో ముప్పై నాలుగు ఇళ్ళున్నాయి. నిచ్చెనలు అంతకంటే ఎక్కువే ఉంటాయి. కాని మా ఇంటి కప్పు కొసదాకా అందేది ఒక్కటే, అది చేపలు పట్టే జాబెజ్‌ది. ఆ ఎత్తున నిలబడి పనిచేయడానికి కావలసిన పొడుగాటి బల్లలు ఇంకో జాలరి సెల్బీవి. ఆగస్టులో తక్కిన మూడు గోడల పని జరుగుతున్నప్పుడు ఇద్దరూ అడగకుండానే తెచ్చి ఇచ్చారు. నాలుగో గోడ ఊడదీసిన మర్నాడు పొద్దున్నే విడివిడిగా వచ్చి, వేర్వేరు కారణాలు చెప్పి, ఎవరి సామాను వాళ్ళు మోసుకుపోయారు.

అప్పటికి సెప్టెంబరు ఇరవై దాటింది. న్యూఫౌండ్‌లాండ్ ఈశాన్య తీరంలో అక్టోబరు గాలివాన వస్తుందని చెప్పడానికి జోస్యుడు అక్కర్లేదు. బడిగంట ఎంత నిక్కమో అదీ అంతే. గోడ మీద ఇప్పుడున్న నల్లటి తారుకాగితం దాని ముందు ఒక పూట నిలవదు. ఒకసారి నీరు లోపలికి దిగితే, 1891 నుంచి చెక్కుచెదరని నిలువు దుంగలు రెండు చలికాలాల్లో పుచ్చిపోతాయి. ఈ వాదనలో నమ్మకాలకు చోటు లేదు. గోడ మూయాలి, పది రోజుల్లో మూయాలి.

తెల్లటి ప్లాస్టిక్ పలకలు వేయించాలన్నది నా నిర్ణయమే. ప్రతి జూన్‌లోనూ గోడలు గీకి రంగు వేసే వయసు మా ఇద్దరికీ దాటిపోయింది. ఐదేళ్ళుగా ఊళ్ళో ఒక్కొక్క ఇల్లే తెలుపుకు మారుతూ వచ్చి, 1977 నాటికి చెక్క పలకలతో, పసుపు రంగుతో మిగిలింది మాదొక్కటే. మా వడ్రంగి హెడ్లీ పనిమంతుడు. ప్లాస్టిక్ పలకకు మేకు బిగించి కొట్టకూడదని, గాడి మధ్యలో కొట్టి కాస్త వదులు ఉంచాలని, లేకుంటే ఎండకు సాగి పొట్టలు పొడుచుకు వస్తాయని నాకు నేర్పింది అతనే. పాత పలకల కింద, తడి దిగకుండా పరిచిన భూర్జ చెట్టు బెరళ్ళు పొరలు పొరలుగా బయటపడినప్పుడు, "ఇవి తియ్యకండి మాస్టారూ, మనందరికంటే ఎక్కువకాలం ఉంటాయి" అని వాటి మీదే తారుకాగితం పరిచాడు. అంత తెలిసినవాడు ఇప్పుడు మా పెరట్లో నిలబడి టోపీ నలుపుతున్నాడు.

"నిచ్చెన సంగతి ఏమైంది?" అన్నాను.

"మా మావ పొగగొట్టం బాగుచేస్తున్నాడండి." జాబెజ్ ఇతనికి పిల్లనిచ్చిన మామ.

"పదకొండు రోజులనుంచా?"

"పెద్ద పొగగొట్టం కదండి."

"హెడ్లీ, మీ మావ పొగగొట్టం నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. నిచ్చెన దానికి ఆనించి ఉంది. దాని మీద మనిషిని మాత్రం ఇంతవరకు చూడలేదు."

హెడ్లీ ఆ వైపు చూసి, గంభీరంగా తల పంకించాడు. "ఆలోచిస్తున్నాడేమోనండి."

ఆ మధ్యాహ్నమే జాబెజ్ టీ వేళకు వచ్చాడు. అరవై ఆరేళ్ళవాడు, నా భార్య డ్రుసిల్లాకు పెత్తండ్రి కొడుకు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ కాడ్ చేపలు పట్టేవాడని పేరు. బెల్లపు బన్ను సగం తిన్నాక అసలు మాటకు వచ్చాడు.

"ఆ గోడ మటుకు తెల్లగా చెయ్యకండి మాస్టారూ. ఈ ఇల్లు కట్టిన కెప్టెన్ గారి ముసలమ్మ పోతూ పోతూ శాపం పెట్టింది. ఆ గోడకు పసుపు తీసేసినోడి ఇంట్లో ఏడాది తిరక్కుండా పీనుగ లేస్తదని."

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట సెయింట్ జాన్స్ నుంచి బడిపంతులుగా ఈ ఊరికి వచ్చిన రోజు నుంచీ ఇలాంటివి ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నాను. ఇది నూటపదమూడోది. ఖండించడానికి ఇంత సులువైనది ఈ మధ్య తగల్లేదు. పెరట్లోంచి ఒక పాత పలక తెచ్చి అతని ముందు పెట్టాను.

"అంచు చూడు. పైన పసుపు. దాని కింద?"

"ఎరుపు."

"ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఈ గోడ ఎరుపే. నువ్వింకా ఉయ్యాల్లో ఉండగా ఆవిడ పోయింది, మరుసటేడు పసుపు వేసింది ఆవిడ కొడుకు. ఇల్లు అమ్మేటప్పుడు నాతో తనే చెప్పాడు. లేని పసుపును తీసేయొద్దని ఆవిడ ఎట్లా శపిస్తుంది?"

"శపించకుండా ఉంటదా, ఆవిడ నోరు మీకు తెలీదు."

"పోనీ, రంగు మార్చిన ఆ కొడుకే ఎనభై రెండేళ్ళు బతికి, పోయినేడు నిద్రలో పోయాడు."

శాపం కథ కూలిపోయినందుకు జాబెజ్ బాధపడినట్టు కనిపించలేదు. పలకను అటూ ఇటూ తిప్పి ఆ ఎర్రటి గీత వైపే చాలాసేపు చూశాడు. "ఎరుపా?" అని తనలో తాను అనుకుని, రెండో బన్ను ముట్టకుండా లేచి వెళ్ళాడు. మా ఇంటి చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

మర్నాడు సెల్బీ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, నా పాత శిష్యుడు. చేపల వేటలో జాబెజ్‌కు ఏకైక పోటీ. ఇద్దరికీ మాటలున్నాయి గాని, ఆ మాటల్లో నిజాలుండవని ఊరంతా అంటుంది.

"మీ ఇల్లు వాళ్ళ దారిలో ఉందండి మాస్టారూ," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"ఎవరి దారిలో?"

"చిన్నవాళ్ళ దారిలో. కొండ మీద తిరుగుతారే, మోకాలంత మనుషులు. పసుపు చూస్తే పక్కకు తిరిగి పోతారు. తెలుపు చూశారనుకోండి, పాలనుకుని లోపలికొచ్చేస్తారు."

"ఊళ్ళో తక్కిన ముప్పై మూడు ఇళ్ళూ తెలుపే కదా. నీదీ తెలుపే. నీ ఇంటికి ఎంతమంది వచ్చారు?"

"మాది దారిలో లేదు కదండి."

"సెల్బీ, నీకు ఏడో తరగతిలో తర్కం చెప్పింది నేనే."

"అందుకే నాకు సరిగ్గా వంటబట్టలేదండి," అన్నాడు వినయంగా. బల్లలు ఎప్పుడిస్తావంటే, వాటి మీద చేపలు ఆరబెట్టానన్నాడు. ఆరబెట్టిన చేపలు ఎక్కడున్నాయని అడిగితే, అతని మొహం మొదటిసారి నిజంగా వాడిపోయింది.

ఆ సాయంత్రం నూటపద్నాలుగో నమ్మకాన్ని రాసుకుంటూ, చదువు చెప్పి ఏమి లాభమని కొంత విసుక్కున్నాను. డ్రుసిల్లా అల్లికలోంచి తల ఎత్తలేదు.

"ఇద్దరూ అబద్ధాలాడుతున్నారు."

"ఆ సంగతి నిన్ననే రుజువు చేశాను కదా."

"మీరు రుజువు చేసింది వాళ్ళు చెప్పేది తప్పని. అబద్ధమని కాదు. తప్పు నమ్మేవాడి మొహంలో భయం ఉంటుంది. మా జాబెజ్ అన్నయ్య మొహంలో దయ్యం భయం కనిపించిందా మీకు?"

లేదని ఒప్పుకోక తప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నమ్మకాలను పరీక్షించాను గాని, చెప్పేవాడు వాటిని నమ్ముతున్నాడా అని ఒక్కసారీ పరీక్షించలేదు.

"మన గోడను మీరెప్పుడైనా చూశారా?" అంది తను.

"రోజూ చూస్తున్నాను."

"ఎక్కణ్ణుంచి?"

"పెరట్లోంచి. రోడ్డు మీంచి."

"నేను చేపలు పట్టేవాడి కూతుర్ని. ఇంతకంటే చెప్పకూడదు. చెప్పలేదు కూడా," అని దారం తెంపింది.

మరునాడు రేవులో చేపలు దించే చోటికి వెళ్ళి, తూకం రాసే పుస్తకం చూడనిమ్మన్నాను. గోడ ఊడదీసేదాకా జాబెజ్ పడవ రోజూ నిండి వచ్చింది. ఆ తర్వాత పదమూడు రోజుల్లోనూ కలిపి ఒక్క మంచిరోజంత రాలేదు. సెల్బీదీ అదే వరస. ఇంకెవరి వేటా తగ్గలేదు. రెండు సంగతులు ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. అందుచేత ఒక ప్రయోగం చేయదలచుకున్నాను. ఇంట్లో పసుపుపచ్చ దుప్పట్లు రెండుంటే, డ్రుసిల్లాకు ఒక పని అప్పగించాను. తను ఎందుకని అడగలేదు. నవ్వును దాచుకోవడానికి వీపు మాత్రం తిప్పింది.

మర్నాడు ఉదయం జాబెజ్ దగ్గరికి వెళ్ళి, వేటకు వస్తానన్నాను.

"మీరా? నీళ్ళంటే మీకు పడదు కదా మాస్టారూ."

"పదవీ విరమణ చేశాక మనిషి మారతాడు."

"మారడు. ముసలోడవుతాడు," అన్నాడు గాని ఎక్కించుకున్నాడు.

ఎనిమిదిన్నరకు రేవు దాటాం. మైలున్నర వెళ్ళాక మోటారు తగ్గించి జాబెజ్ తీరం వైపు తిరిగాడు. తెల్లటి ఇళ్ళ వరస, వెనుక గుర్రపు జీనులా మధ్యలో లోతుపడిన కొండ, మా గోడ ఉండవలసిన చోట నల్లటి మచ్చ. ఆ నలుపు వెనుక బండల నలుపులో కలిసిపోయింది. అతను కళ్ళు చికిలించి చూశాడు, పడవను కొంచెం ఉత్తరానికి తిప్పాడు, మళ్ళీ దక్షిణానికి తిప్పాడు. సీసపు గాలం దించితే యాభై బారలు దిగి బురద తగిలింది. ఇంకోచోట యాభై రెండు. అక్కడా బురదే.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాను.

"చేపల్ని."

"అవి కిందుంటాయి. నువ్వు పైకి చూస్తున్నావు."

"ప్రార్థన చేసుకుంటున్నా," అన్నాడు కటువుగా.

తొమ్మిదిన్నర అయింది. కొండ కింది నల్లటి మచ్చలో ఉన్నట్టుండి ఒక పసుపు చుక్క వెలిగింది. మేడగది కిటికీలోంచి డ్రుసిల్లా రెండు దుప్పట్లూ వేలాడదీసింది. నేను జాబెజ్ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. అతని చెయ్యి తనకు తానే చుక్కాని మీదికి వెళ్ళింది. పడవ చుట్టూ తిరిగి, పసుపు చుక్క కొండ లోతుకు సరిగ్గా కిందికి వచ్చేదాకా పోయింది. ఆ గీత మీదే నిలిచి, ఉత్తరపు కొన వెనుకనుంచి చర్చి శిఖరం బయటపడేదాకా మెల్లగా ముందుకు నడిచింది. అక్కడ మోటారు ఆపాడు. గాలం ఇరవై ఎనిమిది బారలకే రాతికి తగిలింది. రెండోసారి ఎత్తేలోపు తాడు బిగిసింది.

పెద్ద చేపను పడవలోకి లాగాక గాని అతనికి నేనున్న సంగతి గుర్తుకు రాలేదు. నా వైపు చూశాడు, ఒడ్డు వైపు చూశాడు, దుప్పట్ల వైపు చూశాడు.

"మీరు… మీరు కావాలనే చేశారు!"

"చేశాను."

"ఎంత దొంగ మనిషివయ్యా! బళ్ళో పిల్లలకి నేర్పింది ఇదేనా?"

"బళ్ళో నేర్పింది రెండు గీతలు ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయని. నువ్వు దాని మీద బతుకుతున్నావని నాకు తెలియదు."

జాబెజ్ చేపను గంపలో పడేసి కూర్చున్నాడు. కోపం దిగడానికి ఇంకో రెండు చేపలు పట్టింది.

"మా తాత కనిపెట్టాడు ఈ నీటి కింది మిట్టని," అన్నాడు చివరికి. "మా నాన్నకి చెప్పాడు, ఆయన నాకు చెప్పాడు. ఇంకోడికి చెప్తే ఇంకోడిదవుద్ది. మీతో ఎట్లా చెప్పను? మీరు హెడ్లీతో అంటారు, హెడ్లీ మా అమ్మాయితో అంటాడు, ఇంక చర్చిలో చదివించినట్టే. ఊళ్ళో ఇళ్ళన్నీ తెల్లగా అయిపోయినాక ఏది ఏదో తెలీడంలా. మీ గోడొక్కటే మిగిలింది. అదీ పోతే నా వయసులో కొత్త మిట్ట ఎక్కడ వెతుక్కోను?" ఆగి, మళ్ళీ అన్నాడు: "మా నాన్న ఎప్పుడూ 'ఎర్రింటిని కొండలోకి పెట్టు' అనేవాడు. ముసలోడికి రంగులు తెలీవనుకున్నా ఇన్నాళ్ళూ. మొన్న మీరా పలక చూపించేదాకా."

"నిజం చెప్పి ఉంటే శాపం అవసరం ఉండేది కాదు."

"శాపమైతే మీరు నవ్వి ఊరుకుంటారు. నిజమైతే అందరికీ పాఠం చెప్తారు."

ఎవరికీ చెప్పనని బైబిలు మీద ఒట్టు వేయమన్నాడు. నాకు దాని మీద నమ్మకం లేదని అతనికి తెలుసు.

"మరి దేని మీదుంది?"

ఆలోచించాను. "ఎక్కాల మీద."

"అయితే దాని మీదే వెయ్యండి."

కుడిచెయ్యి ఎత్తి, గోడను పసుపుగానే ఉంచుతానని కూడా కలిపి, పన్నెండో ఎక్కం సాక్షిగా ఒట్టు వేశాను. అతనికి తృప్తి కలిగింది. నాకూ అంతకంటే గట్టి ఒట్టు తెలియదు. (ఇక్కడ రాసిన ఊరి పేరు, కొండ ఆకారం, బారల లెక్క మార్చినవి, ఈ కథ చదివి ఎవరూ పడవ ఎక్కనక్కర్లేదు.)

ఇంటికి చేరేసరికి సెల్బీ మా వంటింట్లో ఉన్నాడు. బూట్లకు చేపల పొలుసులు తాజాగా మెరుస్తున్నాయి. డ్రుసిల్లా ఆ దుప్పట్లనే మడతపెడుతోంది.

"ఎందుకత్తా అప్పుడే తీసేశావు?" అంటున్నాడు. "ఇంకా ఆరలేదేమో."

"అవి అసలు తడవనే లేదురా."

"రేపు కూడా ఆరేస్తే మంచిదత్తా. దుప్పట్లకి గాలి కావాలి. ఏడింటినుంచి పదకొండుదాకా మంచి గాలి."

"చిన్నవాళ్ళు చూసి ఏమంటారో?" అన్నాను వెనుకనుంచి.

సెల్బీ ఉలిక్కిపడి లేచాడు. నన్ను, నా తడిసిన కోటును, చేతిలో జాబెజ్ ఇచ్చిన చేపను చూశాడు. జాబెజ్ పడవలో వెళ్ళానని గ్రహించగానే అతని కళ్ళల్లో ఒక లెక్క మొదలైంది. మా గోడను ఆనవాలుగా పెట్టుకున్న రెండో మనిషి ఉన్నాడని అతనికి అప్పటిదాకా తెలియదు. తెలియడం నాకు ఇష్టం లేదు.

"సముద్రం పడక తలనొప్పి వచ్చింది," అన్నాను. "ఎటు వెళ్ళామో, ఎక్కడ ఆగామో ఒక్కటీ చూడలేదు."

నా జీవితంలో సిగ్గుపడకుండా ఆడిన అబద్ధం అదొక్కటే. సెల్బీ తేలికపడి ఊపిరి వదిలాడు. అతను దేన్నీ ఒప్పుకోలేదు. నేను దేన్నీ అడగలేదు. అతని మిట్ట వేరు, దాని రెండో గీత వేరు అని తర్వాత అతని పడవ నిలిచిన చోటు మేడగది కిటికీలోంచి చూసి లెక్క కట్టుకున్నాను. ఆ కాగితం పొయ్యిలో వేశాను.

"సెల్బీ, ఆ గోడకు చెక్క పలకలే వేయిద్దామనుకుంటున్నాం. పసుపు రంగే వేద్దాం. మీ అత్తకు తెలుపు బాగాలేదట."

"అత్త మాట వినాలండి," అన్నాడు సెల్బీ, పెద్ద భక్తుడిలా.

ఆ సాయంత్రమే బల్లలు వచ్చాయి. నిచ్చెన అంతకుముందే వచ్చి గోడకు ఆని ఉంది. "పొగగొట్టం పూర్తయిందా?" అని హెడ్లీని అడిగితే, "ఆలోచించడం పూర్తయిందటండి" అన్నాడు. స్ప్రూస్ పలకలు కోత మిల్లునుంచి రెండో రోజుకు అందాయి. హెడ్లీ కిందినుంచి వరస మీద వరస, పై పలక కింది పలకను రెండు వేళ్ళ మేర కప్పేలా కొట్టుకుంటూ పోయాడు. మిగిలిన తెల్లటి ప్లాస్టిక్ పలకలు కోళ్ళ గూటికి పోయాయి. ఇప్పుడు మా కోళ్ళది ఊళ్ళోకెల్లా ఆధునికమైన నివాసం. ఐదో రోజు మధ్యాహ్నానికి కొసన చివరి పలక పడింది. గాలివాన ఇంకా నాలుగు రోజుల దూరంలో ఉందని రేడియో చెప్పింది.

మర్నాడు శనివారం, పొడిగా ఎండ కాసింది. రంగుకు మనిషిని వెతకాలని నేను బయటికి వచ్చేసరికి జాబెజ్ రోడ్డు మలుపులో కనిపించాడు. ఒక చేతిలో పెద్ద డబ్బా, ఇంకో చేతిలో కుంచె.

"ఇంట్లో ఊరికే పడుందండి," అన్నాడు. "పసుపు. పారబొయ్యడం ఎందుకని."

మూత మీది ధర చీటీ ఇంకా ఊడలేదు. నేను దానివైపు చూడకుండా ఉండేందుకు ప్రయత్నిస్తుండగా, రెండో వైపునుంచి సెల్బీ వచ్చాడు. అతని చేతిలోనూ ఒక డబ్బా, ఒక కుంచె.

"అటక మీద దొరికిందండి…" అని మొదలుపెట్టి, జాబెజ్‌ను చూసి ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరి డబ్బాను ఒకరు చూసుకున్నారు. రెండూ ఒకే పసుపు. కోళ్ళు గూట్లోంచి ఏదో వ్యాఖ్యానించాయి.

"మాస్టారు పెద్దాయన కదా," అన్నాడు జాబెజ్. "సాయం చేద్దామని."

"నేనూ అదే మావా," అన్నాడు సెల్బీ.

నిచ్చెన మీద ఒకరు, బల్లల మీద ఒకరు, గోడకు చెరొక అంచున మొదలుపెట్టారు. వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, మోటారు నూనె గురించి మాట్లాడుకున్నారు, ఈ ఏడు చేపలు అసలు లేనే లేవని ఇద్దరూ గట్టిగా ఒప్పుకున్నారు. డ్రుసిల్లా టీ తెచ్చి, వాళ్ళ మొహాలు చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి నవ్వి వచ్చింది. పన్నెండింటికి కుంచెలు గోడ మధ్యలో కలుసుకున్నాయి. జాబెజ్ నిచ్చెన దిగి, వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూశాడు.

"సెల్బీ, నీ వైపు పల్చగా పడింది. ఇంకో పూత వెయ్యి."

"ఇక్కణ్ణుంచి బాగానే ఉంది కదా మావా."

"ఇక్కణ్ణుంచి బాగానే ఉంటది. దూరంనుంచి చూస్తే తెలుస్తది."

"దూరం అంటే ఎక్కణ్ణుంచి మావా? అటు సముద్రమేగా."

జాబెజ్ దగ్గాడు. సెల్బీ కుంచెను అవసరానికి మించి డబ్బాలో ముంచాడు. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను పన్నెండో ఎక్కం మనసులో మొదటినుంచి చదువుకుంటూ, ఆకాశం వైపు చూసి, వాన రాకముందే రెండో పూత వేయడమే మంచిదన్నాను.